55 వేలలో గేమింగ్ సిస్టమ్: ఈ కొటేషన్‌లో పార్టులు ఒకదానికొకటి పొసగుతాయా?

మధిర నుంచి:

అందరికీ నమస్తే. మాది మధిర పక్కన పల్లెటూరు, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండేళ్లుగా పెళ్లిళ్ల సీజన్‌లో ఒక ఫొటోగ్రాఫర్ అన్న దగ్గర లైటు పట్టుకోవడానికి వెళ్తున్నాను. అలా కూడబెట్టినవి 38 వేలు. ఈ ఏడాది 2024లో మిర్చి అమ్మాక నాన్న ఇంకో 17 వేలు ఇచ్చాడు. మొత్తం 55 వేలు. దీని మీద ఒక్క రూపాయి కూడా పుట్టదు. మళ్లీ ఇంత డబ్బు చేతికి ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే కొనకముందే అడుగుతున్నాను.

ఆడేవి వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, జీటీఏ 5. ఫొటోగ్రాఫర్ అన్న ప్రీమియర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఎడిటింగ్ కూడా నేర్పిస్తానన్నాడు. మానిటర్ ఉంది. 22 అంగుళాలు, 1080పీ, 75 హెర్ట్జ్. మామయ్యవాళ్ల ఆఫీసులో తీసేస్తే తెచ్చుకున్నాను. దానికి నీలం మూతి వీజీఏ కేబుల్ ఉంది, వెనకాల హెచ్‌డీఎంఐ కూడా ఉంది.

ఒక షాపులో ఇలా రాసిచ్చారు: రైజెన్ 5 5600జీ 13,000, ఏ520 బోర్డు 6,200, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటి 2,300, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు 18,800, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ 2,500, ముందంతా అద్దం, రంగుల ఫ్యాన్లు ఉన్న కేబినెట్ ఎస్‌ఎంపీఎస్‌తో (పార్టులకు కరెంటు అందించే డబ్బా) కలిపి 6,500, విండోస్, అసెంబ్లింగ్ 2,500, గేమింగ్ కీబోర్డు, మౌస్ 2,700. అన్నీ కలిపి 54,500.

మూడు సందేహాలు. ఈ పార్టులు ఒకదానికొకటి సరిపోతాయా? మా బావ దగ్గర డీడీఆర్5 8 జీబీ ర్యామ్ ఒకటి ఊరికే ఉంది, ఇస్తానంటున్నాడు, దీనికి వేసుకోవచ్చా? ఇంట్లో పాత సిస్టమ్‌ది 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంది, అదే వాడితే డబ్బు మిగులుతుందా?

సనత్‌నగర్ నుంచి:

కీబోర్డు, మౌస్ తీసెయ్, పాతవి ఉంటాయి కదా. ర్యామ్ ఒక్క స్టిక్ వద్దు, 8 జీబీవి రెండు పెట్టించు. రెండు ఉంటేనే డ్యూయల్ ఛానల్‌లో నడుస్తాయి, వేగం తెలుస్తుంది. ఆ కేబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ మాత్రం అస్సలు వద్దు.

హన్మకొండ నుంచి:

తమ్ముడూ, నీ కొటేషన్ రెండుసార్లు చదివాను. నేనొక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంట్లోవాళ్లకీ, స్నేహితుల పిల్లలకీ సిస్టమ్‌లు నేనే బిగించి ఇస్తుంటాను. నీకు ఆ డబ్బు ఎలా వచ్చిందో చదివాక రెండు ముక్కలు రాసి ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ పార్టులన్నీ ఒకదాంట్లో ఒకటి ఇముడుతాయి. సిస్టమ్ ఆన్ అవుతుంది, గేమ్ తెరుచుకుంటుంది. షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ ఇమడటం వేరు, పొసగడం వేరు.

5600జీలో ఆ ‘జీ’ ఉంటే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉందని అర్థం. విడిగా కార్డు కొననివాళ్లకి అది బంగారం లాంటి ప్రాసెసర్. నువ్వు కార్డు కొంటున్నావు కాబట్టి ఆ గ్రాఫిక్స్‌కి పెట్టిన డబ్బు నీకు పనికిరాదు. పైగా దాంట్లో క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ, 16 ఎంబీయే, అక్షరం లేని మామూలు 5600లో 32 ఎంబీ. నువ్వు ఆడే వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడే ఆటలు, అక్కడ ఈ తేడా కళ్లకు కనిపిస్తుంది.

ఇక కార్డు. 3050 అని ఒకే పేరుతో రెండు కార్డులు తిరుగుతున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీ కార్డు 128 బిట్ (అది మెమరీ దారి వెడల్పు), 130 వాట్లు తీసుకుంటుంది. ఈ ఫిబ్రవరిలో అదే పేరుతో వచ్చిన 6 జీబీ కార్డు 96 బిట్, 70 వాట్లే. తగ్గింది 2 జీబీ ఒక్కటే కాదు, కార్డే చిన్నది. విడిగా కరెంటు తీగ అక్కర్లేదు కాబట్టి పాత ఆఫీసు సిస్టమ్‌లో పెట్టుకునేవాళ్లకి అది బాగానే ఉంటుంది. కొత్తగా కట్టుకునే నీకెందుకు? ఇంకో రెండు వేలు పెడితే ఆర్‌ఎక్స్ 6600 వస్తుంది. 8 జీబీ, 128 బిట్, 132 వాట్లు. నీ 1080పీ మానిటర్‌కి దీనికి మించింది అవసరం లేదు.

నేను ఎప్పుడూ మానిటర్ దగ్గర మొదలుపెడతాను. ఎదురుగా ఉన్న తెర ఎంత చూపించగలదో తెలిస్తే ఏ కార్డు కావాలో తెలుస్తుంది. కార్డు తెలిస్తే దానికి పని అందించగల ప్రాసెసర్, ఆ ప్రాసెసర్ కూర్చునే బోర్డు, ఆ బోర్డు ఒప్పుకునే ర్యామ్, వీటన్నిటి వాట్లు కలిపితే ఎస్‌ఎంపీఎస్. కేబినెట్ ఆఖరున. నీ కొటేషన్ చూస్తే రంగుల కేబినెట్‌తో మొదలుపెట్టి మిగిలిన డబ్బుకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సర్దినట్టుంది.

బావ ఇస్తానన్న డీడీఆర్5 ర్యామ్ తీసుకోకు. డీడీఆర్4కీ డీడీఆర్5కీ కింద పిన్నుల లెక్క ఒకటే, 288. కానీ మధ్యలో గాటు ఉండే చోటు వేరు, కాబట్టి స్లాట్‌లో దిగదు. బలంగా నొక్కితే స్లాట్ పోతుంది. ఈ రైజెన్ 5600 కూర్చునే ఏఎం4 సాకెట్ బోర్డులన్నీ డీడీఆర్4వే. ఇంటెల్‌లో హెచ్610 బోర్డులు రెండు రకాలుగానూ వస్తాయి, అందుకే పెట్టె మీద డీ4 అని ఉందో లేదో చూసుకుని కొనాలి. ఊరికే వచ్చిన ఒక స్టిక్ కోసం సిస్టమ్ మొత్తాన్ని డీడీఆర్5కి మార్చడం దండగ.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపికగా చదువు. ఆ పాతదాన్ని బయటకు తీసి పక్కన అంటించిన లేబుల్ చూడు. 450 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వదిలెయ్. కింద చిన్న గళ్ల పట్టికలో +12వీ అని ఉన్న గడి చూడు. దాని కింద ఎన్ని ఆంప్స్ రాశారో దాన్ని 12తో గుణించు. నేను చూసిన పాత ఆఫీసు ఎస్‌ఎంపీఎస్‌ల మీద 16 ఆంప్స్ అని ఉండేది. 16 ఇంటూ 12 అంటే 192 వాట్లు. కార్డూ ప్రాసెసరూ రెండూ ఆ 12 వోల్టుల తీగ మీదే బతుకుతాయి. మీద 450 ఉన్నా నీకు పనికొచ్చేది ఆ 192యే. 6600కి 8 పిన్నుల తీగ ఒకటి కావాలి, పాతవాటికి అది ఉండదు. పాత హార్డ్ డిస్క్ తీగకు కన్వర్టర్ తగిలించి ఇస్తామంటే వద్దని చెప్పు, ఆ తీగలు వేడెక్కి కరుగుతాయి.

2019లో మా అక్క కొడుక్కి సిస్టమ్ బిగించాను. డబ్బు చాలక కేబినెట్‌తో పాటు వచ్చిన ఊరూపేరూ లేని ఎస్‌ఎంపీఎస్‌నే ఉంచేశాను. నాలుగు నెలలు నడిచింది. మే నెల మధ్యాహ్నం ఆడుతుండగా టప్‌మని శబ్దం, గదంతా కాలిన వాసన. అది పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోయింది. వాడు ఫోన్ చేసి ‘మామా, నేనేం చేయలేదు’ అని ఏడ్చాడు. వాడి తప్పేమీ లేదు, తప్పు నాదే. అప్పటి నుంచి ఎవరికి బిగించినా ముందు ఎస్‌ఎంపీఎస్ డబ్బు పక్కన పెట్టిస్తున్నాను. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని గుర్తు) ఉన్న 550 వాట్లది, కనీసం మూడేళ్ల వారంటీ ఉన్నది తీసుకో.

నేనైతే ఇలా కొంటాను: రైజెన్ 5 5600 పన్నెండు వేలు, బీ550 బోర్డు తొమ్మిది వేలు, ఆర్‌ఎక్స్ 6600 ఇరవై వేల ఐదొందలు, 3200 డీడీఆర్4 8 జీబీవి రెండు 3,400, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,000, ఎస్‌ఎంపీఎస్ 4,000, ముందు జాలీ ఉన్న కేబినెట్ 2,800. మొత్తం 54,700. మీవైపు ఎండలకు ముందు అద్దం ఉన్న కేబినెట్ వద్దు, లోపల ఉడికిపోతుంది.

కొనేముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించు. కేబినెట్ స్క్రూ మీద వేలు పెడితే చిర్రుమంటోందంటే మూడో పిన్ను ఎక్కడా కలవలేదని అర్థం. ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే అది ప్యూర్ సైన్ వేవ్‌దో కాదో చూసుకో. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ కాలపు మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఆగిపోతాయి.

మధిర నుంచి:

అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే పాత ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చూశాను. 12వీ కింద 14 ఆంప్స్ అని ఉంది. అంటే 168 వాట్లే కదా. దాన్ని పక్కన పడేశాను. బావకి కూడా ర్యామ్ వద్దని చెప్పాను. ఎర్తింగ్‌కి రేపు ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు.

ఒక్క మాట అడగడం మర్చిపోయాను. ఎడిటింగ్‌కి కూడా ఇదే సరిపోతుందా? ఫొటోగ్రాఫర్ అన్న కెమెరాలో 4కే, 10 బిట్, 4:2:2 అని ఏదో పెట్టి తీస్తాడు. ఆయన పాత సిస్టమ్‌లో ఆ వీడియో ప్లే చేస్తేనే ఆగి ఆగి నడుస్తుంది.

తెనాలి నుంచి:

నేను ఇంట్లోనే కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, ఆరేళ్లుగా ఇదే నా పని. తమ్ముడూ, ఆ 4:2:2 అన్న మాట చూసి రాస్తున్నాను. నీ కొనుగోలంతా దాని మీద తిరుగుతుంది.

కెమెరా వీడియోని బాగా కుదించి మెమరీ కార్డులో రాస్తుంది. ఎడిటింగ్‌లో ప్రతి ఫ్రేమునూ మళ్లీ విప్పాలి. ఆ విప్పే పనికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. 4:2:0 రకం, అంటే రంగుల వివరం తక్కువ ఉంచేది అయితే, ఈ కాలపు కార్డులు చాలావరకు విప్పుతాయి. హెచ్ఈవీసీ (హెచ్.265 అన్నా అదే) 10 బిట్ 4:2:2ని మాత్రం ఆర్‌ఎక్స్ 6600 గానీ, ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్ కార్డులు గానీ విప్పలేవు. ఇంటెల్ పన్నెండో తరం ప్రాసెసర్‌లోపల ఉండే చిన్న గ్రాఫిక్స్ విప్పుతుంది. దాన్ని క్విక్ సింక్ అంటారు, ప్రీమియర్ దాన్ని వాడుకుంటుంది. నేను ఇది తెలియక ఖరీదైన కార్డు కొని ఏడాది పాటు ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన నకలు వీడియోలు, చేసుకుంటూ కూర్చున్నాను. ఒక్కో పెళ్లికి రెండు మూడు గంటలు అందులోనే పోయేవి.

అందుకని ఐ5 12400 తీసుకో. 12400ఎఫ్ కాదు, ఆ ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. షాపులో తక్కువకి వస్తుందని ఎఫ్ అంటగడతారు, ఊరుకోకు. కార్డు ఆర్‌ఎక్స్ 6600యే ఉంచుకో, ఆటలకు అదే.

అయితే ముందు ఆ అన్నని ఒకటి అడుగు: కెమెరాలో హెచ్.265లో తీస్తున్నాడా, హెచ్.264లోనా? హెచ్.264లో 10 బిట్ 4:2:2 తీస్తే ఈ ఇంటెల్ కూడా విప్పలేదు. మెనూలో మార్చుకునే వీలుంటే హెచ్.265కి మార్చమను.

హన్మకొండ నుంచి:

తెనాలి చెల్లెమ్మా, ఈ సంగతి నాకు తెలియదు, చాలా మంచి మాట చెప్పావు. తమ్ముడూ, అడిగి చూడు. హెచ్.265 అయితే నా లిస్టు మార్చుకుందాం.

ఐ5 12400 పధ్నాలుగు వేల ఐదొందలు, డీడీఆర్4 హెచ్610 బోర్డు ఆరు వేల ఐదొందలు. రెండూ కలిపి అదే 21 వేలు. మిగతావి ఏవీ మారవు, మొత్తం 54,700 దగ్గరే నిలుస్తుంది. ఆటల్లో 5600కీ దీనికీ నీ మానిటర్ మీద తేడా తెలియదు, రెండూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లవే. ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు, కార్డు 132, మిగతావన్నీ యాభై అనుకున్నా మూడొందలు. 550కి హాయిగా నడుస్తుంది. పోయేదేమిటంటే, హెచ్610కి ర్యామ్ స్లాట్లు రెండే. ముందు ముందు 32 కావాలంటే ఈ రెండూ తీసి 16వి రెండు పెట్టాలి.

బోర్డులో ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ కూర్చునే చోటు) ఉందో లేదో కొనేముందే చూడు. ఈ ఇంటెల్ సాకెట్‌లో సన్నటి పిన్నులు బోర్డులోనే ఉంటాయి, ప్రాసెసర్‌ని జార్చకుండా తిన్నగా కింద పెట్టాలి. ప్రాసెసర్ మీదా సాకెట్ మీదా త్రిభుజం గుర్తులుంటాయి, అవి ఒకే మూలకు రావాలి. సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత మీట బిగిస్తుంటే దానంతటదే ఎగిరి బయటకు వస్తుంది. పారేయకు, బోర్డు వారంటీకి పంపితే దాన్ని అడుగుతారు.

బిగించాక బయాస్‌లోకి (విండోస్‌కి ముందు వచ్చే బోర్డు సెట్టింగులు) వెళ్లి రెండు పనులు చెయ్యి. ఒకటి, ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చెయ్యి, లేకపోతే 3200 ర్యామ్ అంతకన్నా తక్కువ వేగంతోనే నడిచే అవకాశం ఉంది. రెండోది, కార్డు ఉన్నా లోపలి గ్రాఫిక్స్ కూడా పనిచేసేలా ఇంటర్నల్ గ్రాఫిక్స్ ఎనేబుల్ చెయ్యి, లేకపోతే చెల్లెమ్మ చెప్పిన క్విక్ సింక్ ప్రీమియర్‌కి కనపడదు. విండోస్ 11 వేస్తే వాలరెంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రక్షణ సెట్టింగులు కూడా ఆన్ ఉండాలి.

వీలైతే ఒక ఆదివారం తప్ప వేరే రోజు సికింద్రాబాద్ రా. మధిర నుంచి నేరుగా రైలుంది. ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో సీటీసీ అని ఉంటుంది, ఒకే చోట బోలెడు కంప్యూటర్ షాపులు. మూడు చోట్ల అడిగి కొను. బిల్లులో ‘కంప్యూటర్ సెట్ 1’ అని ఒక్క ముక్కలో రాస్తే ఒప్పుకోకు. ప్రతి పార్టూ విడిగా, సీరియల్ నంబర్‌తో, జీఎస్‌టీతో రాయించు. రేపు కార్డు ఒక్కటే పోయినా ఆ కాగితమే నీకు ఆధారం.

మధిర నుంచి:

అన్నా, అక్కా, కొనేశాను! కెమెరా మెనూలో హెచ్.265 ఉంది, ఫొటోగ్రాఫర్ అన్న మార్చాడు. సీటీసీలో నాలుగు షాపులు తిరిగాను. ఒకాయన ‘12400ఎఫ్ కూడా అదే బాబూ’ అన్నాడు, నేను ఎఫ్ వద్దనే చెప్పాను. మొత్తం 54,350 అయింది. అక్కడే బిగించి ఆన్ చేసి చూపించారు. ఒళ్లో పెట్టుకునే రైల్లో తెచ్చాను.

కానీ ఒక సమస్య. ఎడిటింగ్ వీడియో బాగా నడుస్తోంది, ఆగట్లేదు. జీటీఏ 5 మాత్రం ఘోరంగా ఉంది. బండి నడుపుతుంటే బొమ్మ గంతులేస్తోంది. సెట్టింగులన్నీ తగ్గించినా 30 ఫ్రేములు దాటట్లేదు. కార్డు ఫ్యాన్లు కూడా తిరగట్లేదు. కార్డు పాడైనది ఇచ్చారేమోనని రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు.

హన్మకొండ నుంచి:

కంగారు పడకు. వెనక్కి వెళ్లి చూసి చెప్పు: మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టావు? ఆ నీలం మూతి వీజీఏ కేబులేనా?

మధిర నుంచి:

అవునన్నా, అదే. పైన బోర్డు దగ్గర నీలం రంధ్రం ఉంటే అందులో పెట్టాను. కింద కార్డుకి ఆ రంధ్రమే లేదు.

హన్మకొండ నుంచి:

అదీ సంగతి. నీ కార్డు బాగానే ఉంది. ఆర్‌ఎక్స్ 6600కి వీజీఏ ఉండదు, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టే ఉంటాయి. నువ్వు పెట్టిన నీలం రంధ్రం ప్రాసెసర్ లోపలి చిన్న గ్రాఫిక్స్‌ది. జీటీఏ దాని మీదే నడుస్తోంది, కార్డు పక్కన ఖాళీగా కూర్చుంది. నేను మొదట చెప్పిన 5600 అయితే అక్కడ బొమ్మే వచ్చేది కాదు, వెంటనే తెలిసిపోయేది. ప్రాసెసర్ మార్చినప్పుడు ఈ మాట కూడా నేను చెప్పాల్సింది, చెప్పలేదు, ఏమనుకోకు.

ఊళ్లో టీవీ రిపేరు షాపులో హెచ్‌డీఎంఐ కేబుల్ దొరుకుతుంది. ఒక చివర మానిటర్ వెనక, ఇంకో చివర కింద అడ్డంగా ఉన్న కార్డు రంధ్రంలో పెట్టు. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి 60 ఉంటే 75 హెర్ట్జ్‌కి మార్చు. ఫ్యాన్ల గురించి భయం వద్దు, పని లేనప్పుడు ఈ కార్డుల ఫ్యాన్లు చాలావాటికి ఆగే ఉంటాయి.

మధిర నుంచి:

అన్నా, వచ్చింది! కేబుల్ 180 రూపాయలు. పెట్టగానే ఫ్యాన్లు తిరిగాయి. జీటీఏ హైలో పెట్టినా 75 దగ్గర కదలకుండా నిలబడింది. నాన్న పొలం నుంచి వచ్చి పక్కన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు, ఆ సముద్రం నిజందేనా అని అడుగుతున్నాడు.